హెర్నియాకు వేసే వల: చర్చంతా ధర మీదేనా?

(గజ్జల్లో కండరం బలహీనపడిన చోట పేగు పొడుచుకొచ్చే హెర్నియాకు మెష్, అంటే అతుకులా కుట్టే వల, వేయించుకోవద్దంటూ ఫోన్లలో వీడియోలు విరివిగా తిరుగుతున్న సమయంలో జరిగిన చర్చ ఇది. ముగ్గురికీ సమాన సమయం ఇస్తామని మొదటే ప్రకటించినా ఎక్కువసేపు సర్జన్‌గారే మాట్లాడారు. అది సరికాదని మా అభిప్రాయం. అయినా జరిగింది జరిగినట్టే ఇస్తున్నాం.)

సమన్వయకర్త: డాక్టరుగారూ, సూటిగా అడుగుతాను. ఈ వల ధర పేదవాడు భరించగలిగేదేనా?

సర్జన్: ధర సంగతి చెబుతాను గానీ, ముందు ఈ వీడియోల మాట తేల్చాలి. (బల్లమీద వల పరిచి) 15 సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు ఉన్న పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వల ఇది. ఒక కొసను ఇలా చీల్చి, వృషణానికి వెళ్లే నాళాల తాడును ఆ చీలికలోంచి పోనిచ్చి, రెండు తోకలనూ ఒకదానిమీద ఒకటి వేసి కుడతాం. బలహీనపడిన చోటును బలవంతంగా లాగి కుడితే ఆ బిగువుకే కుట్లు కోసుకుపోతాయి గనుకనే, లాగకుండా అతుకు వేసే ఈ పద్ధతిని 1980లలో లాస్ ఏంజెలిస్‌లో లిక్టెన్‌స్టీన్ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చారు.

రోగుల హక్కుల కార్యకర్త: వల లేకుండా చేసేవారూ ఉన్నారు కదండీ. కెనడాలో షోల్డైస్ ఆసుపత్రి, మన పుణేలో సర్జన్ దేసర్దాగారు...

సర్జన్ (అడ్డుతగిలి): షోల్డైస్‌లో రోజూ అదే పని చేస్తారమ్మా. నెలకు నాలుగు ఆపరేషన్లు చేసేవారికి ఆ ఫలితాలు రావు.

సమన్వయకర్త: మళ్లీ ధర దగ్గరికి వద్దాం. 2017లో గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్లకు ధర పరిమితి పెట్టినట్టు దీనికీ...

సర్జన్: స్టెంటు దాకా ఎందుకు? మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డనే క్రిమిరహితం చేసి వాడారు. అలాంటి చవక వలనే ఉగాండాలో 302 మంది మగవారిపై ఖరీదైన వలతో పోల్చి చూసి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తరువాత చవక వల వేసినవారిలో తిరగబెట్టింది ఒక్కరికే!

బయోమెడికల్ ఇంజినీరు: అంటే బజారులో కొన్న ఏ దోమతెరైనా పనికొస్తుందని ప్రేక్షకులు అనుకోకూడదు. వేడి మించితే దోమతెరలోని పాలిథిన్ ముడుచుకుపోతుంది, కాబట్టి దాన్ని క్రిమిరహితం చేసే తీరు...

సర్జన్: ఆ జాగ్రత్తలు మాకు తెలుసు. నేననేది, వల వేస్తే తిరగబెట్టడం తగ్గుతుంది. మొదట చెప్పిందీ అదే.

కార్యకర్త: ఎంత తగ్గుతుంది? 46 మందికి వేస్తే ఒకరికి తిరగబెట్టడం తప్పుతుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి కోక్రేన్ సమీక్ష చెబుతోంది. హెర్నియా ఆపరేషన్ అయినవారిలో దాదాపు పదిమందికి ఒకరిని నెలల తరబడి నొప్పి వదలదు. దాని మాటేమిటి?

సర్జన్: వల లేకుండా కుట్లు వేసినా నొప్పి వస్తుంది! ఆ దారిలో మూడు నరాలున్నాయి, ఏది నలిగినా నొప్పే. 2019లో అమెరికా అమ్మకం ఆపించింది గర్భసంచి జారినప్పుడు యోని మార్గంలో వేసే మెష్‌ను. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టి జనాన్ని భయపెడుతున్నారు.

కార్యకర్త: నేను కట్టడం లేదు. సంతకం పెట్టించుకునే ముందు, ఒంట్లో జీవితాంతం ఉండిపోయే వస్తువు పెడుతున్నామనీ, ఇంతమందికి నొప్పి మిగులుతుందనీ మీ రోగికి తెలుగులో చెబుతారా?

సర్జన్: చెబితే భయపడి ఆపరేషనే మానుకుంటారు. రేపు పేగు ఇరుక్కుని కుళ్లితే ఎవరిది బాధ్యత?

కార్యకర్త: అంటే చెప్పరన్నమాటేనా?

సమన్వయకర్త: సమయం మించిపోయింది. డాక్టరుగారూ, ఒక్క మాటలో చెప్పండి, చవక వల మన ప్రభుత్వాసుపత్రులకు వస్తుందా?

సర్జన్: రావాలి. వచ్చి తీరాలి.

(కార్యకర్త మళ్లీ అదే ప్రశ్న వేస్తుండగా ప్రసారం ముగిసింది.)