వాల్వ్ మూశాం కదా అంటే చాలదు

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, మెయింటెనెన్స్, ఆపరేషన్స్, సేఫ్టీ విభాగాల నుంచి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. షట్‌డౌన్, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతుల ప్రణాళిక మీద మాట్లాడమన్నారు. పనుల జాబితా, విడిభాగాలు, షెడ్యూల్, స్టార్టప్, ఈ వరసలో చెబుదామని వచ్చాను.

జాబితాకు ఒక గడువు పెట్టండి. గడువు దాటాక వచ్చే ప్రతి కొత్త పనికీ ఒకే ఒక్కరి సంతకం కావాలి. ఎక్స్ఛేంజర్ ట్యూబ్ బండిల్, కంప్రెసర్ రోటర్ లాంటివి తయారై రావడానికి నెలలు పడుతుంది, కాబట్టి వాటి ఆర్డరు జాబితా ముగిసేదాకా ఆగకూడదు. లీకు ఆపే గాస్కెట్లు, బిగించే స్టడ్లు ఏ ఫ్లాంజ్‌కి (పైపులను బోల్టులతో కలిపే అంచుకి) ఆ ఫ్లాంజ్‌గా లెక్కగట్టి, సంచిలో వేసి, పని నంబరు రాసి ఉంచండి. ఒకసారి విప్పిన స్పైరల్ ఊండ్ గాస్కెట్‌ని మళ్లీ వాడొద్దు.

ఇక షెడ్యూల్. నన్ను బాధపెట్టే సంగతి ఇక్కడే ఉంది. చాలా షెడ్యూళ్లలో మొదటి పని "మ్యాన్‌హోల్ తెరవడం". ప్లాంటు ఆపినప్పటి నుంచి మ్యాన్‌హోల్ తెరిచేదాకా ఏం జరగాలో అందులో ఉండదు. లైన్లు ఖాళీ చేయాలి, ఒత్తిడి దించాలి, ఆవిరి పట్టాలి, నైట్రోజన్‌తో పర్జ్ చేసి లోపలి గ్యాసును తరిమేయాలి, చల్లారనివ్వాలి, బ్లైండ్లు, అంటే ఫ్లాంజ్ దగ్గర పైపును పూర్తిగా మూసే గట్టి లోహపు పలకలు, వేయాలి. ఇదంతా "హ్యాండోవర్" అనే ఒక్క గీతలో ఇరికిస్తారు. ఆలస్యమైతే మొదటి కోత బ్లైండ్ల మీదే పడుతుంది. "వాల్వ్ మూశాం కదా" అంటారు.

అయ్యా, మూసిన వాల్వ్‌ని నమ్మి మనిషిని వెసెల్ (ప్లాంటులోని పెద్ద ట్యాంకు లాంటిది) లోపలికి దించొద్దు. సీటు అరిగినా, సీటు మీద చిన్న తుప్పు పెళ్ల చిక్కుకున్నా అది పాస్ అవుతుంది, అంటే మూసినా లోపల కారుతూనే ఉంటుంది. చక్రం తిరగడం ఆగింది కాబట్టి లోపల మూసుకుందనుకోవడానికి లేదు. రెండు వాల్వ్‌లు మూసి మధ్యలో బ్లీడ్ (కారినదాన్ని బయటికి వదిలే చిన్న దారి) తెరిచినా, మనిషి దిగే వెసెల్‌కి అది చాలదంటాను. బ్లైండ్ వేయాలి, లేదా ఆ పైపు ముక్కనే ఊడదీసి అవతలి కొస మూయాలి. అదీ వెసెల్‌కి అతి దగ్గరి ఫ్లాంజ్ దగ్గర.

దొరికిన రేకు ముక్క కోసి బ్లైండ్ అనకండి. 300 మిల్లీమీటర్ల వ్యాసం మీద 10 బార్ ఒత్తిడి అంటే సుమారు 7 టన్నుల తోపు. మందం లైను రేటింగుకు తగ్గట్టు ఉండాలి, రెండు వైపులా కొత్త గాస్కెట్లు ఉండాలి, తోక బయటికి కనిపించాలి, దాని మీద నంబరు ఉండాలి.

పైపర్ ఆల్ఫా సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఉత్తర సముద్రంలోని చమురు ప్లాట్‌ఫామ్. 1988 జులై 6. అక్కడ కండెన్సేట్ (గ్యాసు నుంచి వచ్చే ద్రవం) పంపులు రెండు, ఎ, బి. ఎ పంపు రిలీఫ్ వాల్వ్‌ని, అంటే ఒత్తిడి మితిమీరితే బయటికి వదిలే వాల్వ్‌ని, పరీక్షకు ఊడదీశారు. ఆ ఖాళీలో బ్లైండ్ ఫ్లాంజ్ పెట్టారు కానీ లీకు కాకుండా బిగించలేదు. షిఫ్టు అయ్యేసరికి వాల్వ్ తిరిగి ఎక్కలేదు. రాత్రి బి పంపు ఆగిపోయింది. రాత్రి షిఫ్టు వాళ్లకు తెలిసింది ఎ పంపు ఓవర్‌హాల్ పర్మిట్ (పని చేయడానికిచ్చే అనుమతి పత్రం) ఒక్కటే, ఆ పని ఇంకా మొదలుకాలేదు. రిలీఫ్ వాల్వ్ పర్మిట్ సంగతి వాళ్లకు అందలేదు. ఎ పంపు స్టార్ట్ చేశారు. సరిగా బిగించని ఆ ఫ్లాంజ్ దగ్గర లీకై పేలింది. 167 మంది పోయారు. ఒకే పంపు మీద రెండు పర్మిట్లు, ఒకదాని ఊసు రెండోదానిలో లేదు!

ఇక్కడున్న షిఫ్టు ఇంచార్జులను అడుగుతున్నాను. ఈ రాత్రి డ్యూటీకి వచ్చేవాళ్లు ఒక్క చోట నిలబడి, ఏ యంత్రం మీద ఎన్ని పర్మిట్లు తెరిచి ఉన్నాయో చూడగలరా? చూడలేకపోతే మొదట అది చూపించే బోర్డు ఒకటి పెట్టండి, మిగతాది తర్వాత.

బ్లైండ్ లిస్టుకి ఒక మనిషిని కేటాయించండి, ఆయనకు వేరే పని చెప్పకండి. లిస్టులో నంబరు, లైను, చోటు, సైజు, రేటింగు, వేసిందెవరు, చూసిందెవరు, తీసిందెవరు అన్నీ ఉండాలి. పర్మిట్ మీద ఆ బ్లైండ్ నంబర్లే రాయాలి. అప్పుడు సంతకం పెట్టేవాడికి తను దేన్ని నమ్ముకుంటున్నాడో తెలుస్తుంది. బ్లైండ్ వేశాక కూడా గ్యాస్ పరీక్ష తప్పదు, ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. నైట్రోజన్‌కి రంగూ వాసనా లేవు, లోపల అది మిగిలి ఉంటే మీటరు తప్ప ఇంకేదీ చెప్పదు.

స్టార్టప్ గురించి చాలా చెప్పాలి, సమయం లేదు. బ్లైండ్లతో ముడిపడ్డది మాత్రం చెబుతాను. రిలీఫ్ వాల్వ్ లైనులో ఒక్క బ్లైండ్ మరిచిపోతే, ఒత్తిడి పెరిగినప్పుడు దానికి దారే ఉండదు. తీసిన బ్లైండ్లన్నీ ఒక చోట పేర్చి, నంబర్లు లిస్టుతో సరిచూడండి. తీసిన ప్రతి ఫ్లాంజ్‌కీ కొత్త గాస్కెట్ వేసి, బోల్టులు ఎదురెదురుగా, మొదట మూడో వంతు టార్క్, తర్వాత మూడింట రెండొంతులు, ఆ తర్వాత పూర్తిగా బిగించి, చివరగా వరసగా ఒక చుట్టు తిరగండి. నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి సబ్బునీళ్లతో లీకు చూడండి. లిస్టులో "తీసిందెవరు" అన్న గడి ఒక్కటి ఖాళీగా ఉన్నా, పైనుంచి ఎవరు ఫోన్ చేసినా, ఫీడ్ వాల్వ్ తెరవకండి.