గుర్తింపు పొందిన సంఘం ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

విమాన పైలట్ల బతుకును శాసించే కాగితం ఒకటుంది. అదే సీనియారిటీ జాబితా. నడపబోయేది పెద్ద విమానమా, చిన్నదా? కుడి సీటులో కో-పైలట్‌గానే ఉండిపోవాలా, ఎడమ సీటులో కెప్టెన్‌గా కూర్చునే రోజు వస్తుందా? కోరుకున్న రోజుల్లో సెలవు దొరుకుతుందా? కంపెనీ నష్టాల్లో పడితే ముందుగా ఎవరిని ఇంటికి పంపుతారు? వీటన్నింటినీ తేల్చేది ఆ జాబితాలో పేరున్న వరుసే. వేరే కంపెనీకి మారితే ఎంత అనుభవం ఉన్నా సాధారణంగా మళ్లీ అట్టడుగు నుంచే మొదలుపెట్టాలి. అందుకే పైలట్ సంఘాలు గుర్తింపు కోసం పోటీ పడుతున్నాయంటే, జీతాల మాట తర్వాత, ముందు ఈ జాబితా సంగతి అడగాలంటాను.

అమెరికాలో 1926 నాటి రైల్వే కార్మిక చట్టాన్ని 1936లో విమాన సంస్థలకూ వర్తింపజేశారు. దాని ప్రకారం ఒక సంస్థలోని పైలట్లందరి తరఫునా మాట్లాడే సంఘం ఒక్కటే. పైలట్ల ఓట్లతో గెలిచిన సంఘానికే ఆ గుర్తింపు. ఓడిన సంఘానికి చర్చల గదిలో చోటు ఉండదు. పోటీ అంత తీవ్రంగా ఉండటానికి కారణం ఇదే.

2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ సంస్థలు విలీనమయ్యాయి. రెండు జాబితాలను ఒకటిగా కలపాలి. 2007లో మధ్యవర్తి జార్జ్ నికొలావ్ తీర్పు చెప్పారు. యూఎస్ ఎయిర్‌వేస్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, విలీనం నాటికి లేఆఫ్‌లో ఉన్న పైలట్లు, అమెరికా వెస్ట్‌లో కొత్తగా చేరి పనిలో ఉన్నవారి కంటే కిందికి వెళ్లిపోయారు. వారి కడుపుమంట నాకు అర్థమవుతుంది. సంఖ్యలో వారి వర్గానిదే పైచేయి. 'ఎవరు ముందు చేరితే వారే ముందు' అన్న సూత్రంతో కొత్త సంఘం పెట్టుకున్నారు. 1931 నుంచి ఉన్న పాత సంఘం ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్‌ను 2008 ఏప్రిల్‌లో ఓడించి గుర్తింపు సాధించారు.

గెలిచాక ఏం జరిగింది? మధ్యవర్తి తీర్పుకు కట్టుబడతామని రెండు పక్షాలూ ముందే ఒప్పుకున్నాయి. కొత్త సంఘం దాన్ని పక్కన పెట్టింది. ఉమ్మడి వేతన ఒప్పందం ఏళ్ల తరబడి కుదరలేదు. ఒకే రంగు విమానాలను రెండు వర్గాలూ వేర్వేరు ఒప్పందాల కింద నడిపాయి. యూఎస్ ఎయిర్‌వేస్ దివాలా కాలంలో కోత పడిన జీతాలతోనే, ఎన్నికలో గెలిచిన వర్గం కూడా నెట్టుకొచ్చింది.

గుర్తింపు పొందిన సంఘం తనకు ఓటు వేయనివారి పక్షాన కూడా న్యాయంగా నిలబడాలని అమెరికా సుప్రీంకోర్టు 1944లోనే చెప్పింది. నల్లజాతి రైల్వే కార్మికులను శ్వేతజాతీయుల సంఘం పక్కకు నెట్టిన కేసు అది. నా దృష్టిలో సంఘానికి ప్రాణం ఆ బాధ్యతే. ఓట్ల బలం దాని తర్వాతే. అమెరికా వెస్ట్ పైలట్ల కేసులో కొత్త సంఘం ఆ బాధ్యతను ఉల్లంఘించిందని అప్పీలు కోర్టు 2015లో తేల్చింది. 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో మరో విలీనం జరగడంతో ఆ సంఘం 2014లోనే గుర్తింపు కోల్పోయింది.

అందరినీ కలిపిన జాబితా 2016లో గానీ రాలేదు. అప్పటికే 65 ఏళ్లు నిండి విమానం దిగిపోయిన పైలట్లు రెండు వర్గాల్లోనూ ఉన్నారు.