ట్రంపెట్ నేర్పిన గొంతు

అందరికీ నమస్కారం. వానలో కూడా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ఈ సాయంత్రం అమెరికన్ రాక్ గాయకుడు రానీ జేమ్స్ డియో గురించి మాట్లాడతాను. హెవీ మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం వినేవాళ్లకు ఆయన పేరు చెప్పగానే ఆయన పాడిన బ్యాండ్లు రెయిన్‌బో, బ్లాక్ సబాత్, ఆయన పేరుతోనే ఉన్న డియో గుర్తొస్తాయి. నేను మాత్రం వాటికి ముందు సంగతులే ఎక్కువ చెప్తాను. రెయిన్‌బో మొదటి ఆల్బమ్ వచ్చిన 1975లో ఆయనకు 33 ఏళ్లు. అప్పటికే 18 ఏళ్లుగా బ్యాండ్లలో తిరుగుతున్నారు. ఆ గొంతు తయారైంది ఆ 18 ఏళ్లలోనే అని నా నమ్మకం.

ఈ విషయం నాకెందుకంత పట్టిందో చెప్పాలి. ఇరవై రెండేళ్ల వయసులో నేను విజయవాడ చుట్టుపక్కల దసరా పందిళ్లలో, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు పాడేవాణ్ణి. రాత్రి పదింటికి మొదలుపెడితే రెండింటి దాకా. నా గొంతు నాకే వినపడేది కాదు. వినపడటం లేదని ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి. ఆ సీజన్ చివర్లో గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా కూడా మాట్లాడొద్దన్నారు డాక్టరు గారు. అలా రెండు నెలలు గడిచాక ఒక సంగీతం మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన పాట ఎత్తుకోనివ్వలేదు. నేల మీద పడుకోమని, పొట్ట మీద ఒక పుస్తకం పెట్టి, "ఊపిరి పీల్చినప్పుడు ఇది పైకి లేవాలిరా. గొంతుతో కాదు, నాభి నుంచి రావాలి" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత డియో జీవితం చదువుతుంటే నాకు ఆ పుస్తకమే గుర్తొచ్చింది.

డియో అసలు పేరు రొనాల్డ్ జేమ్స్ పడవోనా. 1942 జూలై 10న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, పోర్ట్స్‌మత్‌లో పుట్టారు. ఇటలీ మూలాలున్న కుటుంబం. పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లండ్ అనే చిన్న ఊళ్లో. ఐదేళ్లకే చేతికి ట్రంపెట్ వచ్చింది, తర్వాత ఫ్రెంచ్ హార్న్. రెండూ ఊదే వాద్యాలే. పాట మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఊపిరి ఎలా పట్టాలో, ఎలా వదలాలో ఆ వాద్యాల వల్లే తెలిసిందని ఆయనే చెప్పుకున్నారు.

పెళ్లిలో సన్నాయి వాయించేవాళ్ల పక్కన కూర్చున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఊదే వాద్యం దగ్గర ఊపిరిని దాచలేం. సరిపోకపోతే స్వరం వణుకుతుంది, జారుతుంది, అందరికీ తెలిసిపోతుంది. అందుకే గాలిని కడుపులోంచి, ఒకే ఒత్తిడితో, కొంచెం కొంచెంగా వదలడం పిల్లప్పుడే అలవాటవుతుంది. డియో పాట విన్నప్పుడు ఒకటి గమనించండి. పొడుగాటి లైనును కూడా ఒకే ఊపిరిలో తీసుకెళ్తారు. చివరి అక్షరం మొదటి అక్షరమంత నిండుగా ఉంటుంది. గొంతులో గరుకు ఉంటుంది కానీ శ్రుతి తప్పదు. 2009లో వచ్చిన చివరి ఆల్బమ్‌లో ఆయనకు 66 ఏళ్లు. అందులోనూ ఆ నిండుదనం తగ్గలేదు. మనిషి చూస్తే చాలా పొట్టి. అంత చిన్న ఒంట్లోంచి అంత గొంతు ఎలా వచ్చిందని అందరూ ఆశ్చర్యపోయేవారు.

ఇక బ్యాండ్లు. 1957లో కోర్ట్‌లండ్ కుర్రాళ్లు కొందరు వేగాస్ కింగ్స్ అని మొదలుపెట్టారు. అందులో ఆయన పని బేస్ గిటార్, పాడేది వేరే అబ్బాయి. కొన్నాళ్లకు పేరు రానీ అండ్ ద రంబ్లర్స్ అయింది, ఆ తర్వాత రానీ అండ్ ద రెడ్ క్యాప్స్. పాట మెల్లగా ఈయన చేతికొచ్చింది. ఇంటిపేరు పలకడం జనానికి కష్టమని కాబోలు, డియో అని పెట్టుకున్నారు. ఇటాలియన్‌లో డియో అంటే దేవుడు. కానీ ఆయన ఆ పేరు తీసుకున్నది జానీ డియో అనే మాఫియా మనిషి నుంచి. 1961 నుంచి 1967 దాకా బ్యాండు పేరు రానీ డియో అండ్ ద ప్రాఫెట్స్. ఫార్మసీ చదువుకని బఫెలో యూనివర్సిటీలో చేరారు గానీ, డిగ్రీ పూర్తి చేయలేదు. కాలేజీ పార్టీలు, క్లబ్బులు, అప్పట్లో అందరికీ తెలిసిన హిట్ పాటలు. మన ఆర్కెస్ట్రా వాళ్లు చేసే పనే అది. దాన్ని ఎవరూ గొప్ప పని అనరు. కానీ అలసిపోయినా మర్నాడు మళ్లీ పాడగలిగేలా గొంతును కాపాడుకోవడం అక్కడే వస్తుంది. నాకు రాలేదు, ఆయనకు వచ్చింది.

1967లో బ్యాండు ఎలక్ట్రిక్ ఎల్వ్స్‌గా మారింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వాళ్లు ప్రయాణిస్తున్న బండికి ప్రమాదం జరిగింది. గిటారిస్ట్ నిక్ పాంటాస్ చనిపోయారు. వేగాస్ కింగ్స్ రోజుల నుంచీ డియో పక్కన నిలబడి వాయించిన స్నేహితుడు ఆయన. డియోతో సహా మిగతావాళ్లు ఆస్పత్రి పాలయ్యారు. నాకైతే అక్కడ చదవడం ఆగిపోయింది. అప్పటికి డియోకు 25 ఏళ్లు. పెద్ద హిట్టు లేదు, డబ్బు లేదు, చిన్ననాటి స్నేహితుడు పోయాడు. ఇంటికెళ్లి వేరే పని చూసుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్లు మాత్రం మళ్లీ స్టేజి ఎక్కారు. చివరికి బ్యాండు పేరు ఎల్ఫ్‌గా కుదిరింది. 1972లో డీప్ పర్పుల్ అనే పేరున్న బ్రిటిష్ రాక్ బ్యాండు వాళ్లు రోజర్ గ్లోవర్, ఇయన్ పేస్ వీళ్ల వాయింపు విని, మొదటి ఆల్బమ్‌ను తామే ప్రొడ్యూస్ చేశారు. ఆ తర్వాత డీప్ పర్పుల్ కచేరీలకు ముందు ఎల్ఫ్ పాడేది.

ఆ పైన జరిగింది మీలో చాలామందికి తెలుసు. డీప్ పర్పుల్ గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ రెయిన్‌బో పెట్టి ఈయన్ని తీసుకున్నారు. 1979లో అప్పటిదాకా పాడిన ఆజీ ఆస్బోర్న్ స్థానంలో బ్లాక్ సబాత్‌లోకి వెళ్లారు. 1980లో ‘హెవెన్ అండ్ హెల్’ ఆల్బమ్, 1983లో సొంత బ్యాండుతో ‘హోలీ డైవర్’ ఆల్బమ్.

సబాత్ రోజుల సంగతి ఒకటి మాత్రం వదలలేను. ఆజీ స్టేజి మీద రెండు వేళ్లతో శాంతి గుర్తు చూపించేవారు. ఆ స్థానంలోకి వచ్చిన మనిషి అదే చేస్తే బాగుండదని డియో అనుకున్నారు. చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తి, మిగతావి మడిచారు. ఈ రోజు మెటల్ కచేరీలో ఎవరైనా చూపించేది అదే. దాన్ని సైతాను గుర్తు అని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి అది ఆయన బామ్మలాంటి ఇటాలియన్ పెద్దవాళ్లు దిష్టికి చేసే గుర్తు. చిన్నప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని వీధిలో నడుస్తుంటే, ఎవరి చూపైనా చెడ్డగా అనిపిస్తే చటుక్కున వేళ్లు అలా పెట్టేదట. మనింట్లో ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసినట్టే. ఆ గుర్తును తానే కనిపెట్టానని ఆయన ఎప్పుడూ అనలేదు. బామ్మ దగ్గర చూశానన్నారు, అంతే.

2009 నవంబరులో కడుపులో క్యాన్సర్ అని తెలిసింది. 2010 మే 16న హ్యూస్టన్‌లో చనిపోయారు. ఆత్మకథ అప్పటికే రాస్తున్నారు, పూర్తి కాలేదు. భార్య, మేనేజర్ అయిన వెండీ డియో, జర్నలిస్టు మిక్ వాల్ కలిసి దాన్ని పూర్తి చేశారు. ‘రెయిన్‌బో ఇన్ ద డార్క్’ అనే పేరుతో 2021లో వచ్చింది. అభిమానులు పదకొండేళ్లు ఎదురుచూశారు. కథ 1986 దగ్గర, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీ దగ్గర ఆగిపోతుంది. మిగతా జీవితం లేదే అని కొందరు బాధపడ్డారు. నాకూ బాధే. కానీ కోర్ట్‌లండ్, ట్రంపెట్, వ్యాన్లో తిరిగిన రాత్రులు ఆ పుస్తకంలో ఉన్నాయి. వాటి గురించి ఆయనలా చెప్పగలిగేవాళ్లు ఇంకెవరుంటారు?

ఇప్పుడు 1972 నాటి ఎల్ఫ్ ఆల్బమ్ లోంచి ఒక పాట వేస్తాను. అట్ట మీది పేర్లను తెర మీద చూపిస్తున్నాం, చూడండి. అక్కడ డియో అని ఉండదు, రొనాల్డ్ పడవోనా అని ఉంటుంది. ఒక్క ఆల్బమ్ మీదైనా అమ్మానాన్నలు తమ ఇంటిపేరు చూసుకోవాలని ఆయన అలా వేయించారు. లైట్లు కొంచెం తగ్గించండి బాబూ.