పైగేమ్‌లో బంతిని కదిలిద్దాం: వెనక ఆ తోక ఎందుకొస్తోంది?

స్క్రీన్ మీద ఎర్ర బంతి కనిపిస్తోందా? కుడివైపుకి వెళ్తోంది, బానే ఉంది, కానీ వెళ్లినంత మేరా లావుపాటి ఎర్ర చార వదులుకుంటూ పోతోంది. నేను పైగేమ్ (పైథాన్‌లో గేమ్స్ చేసుకోవడానికి వాడే లైబ్రరీ) మొదలుపెట్టిన రోజు నాకూ ఇదే వచ్చింది, బంతిని గీసే లైన్‌లోనే ఏదో తప్పుందనుకుని రెండు గంటలు దాన్నే తిప్పితిప్పి చూశాను. తప్పు అక్కడ లేదు. ఎక్కడుందో చూద్దాం, ముందు ఖాళీ ఫైల్ తెరవండి.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, టెర్మినల్‌లో పిప్ ఇన్‌స్టాల్ పైగేమ్ అని కొడితే వచ్చేస్తుంది. పైన ఇంపోర్ట్ పైగేమ్, కింద పైగేమ్ డాట్ ఇనిట్, తర్వాత స్క్రీన్ ఈక్వల్స్ డిస్‌ప్లే డాట్ సెట్ మోడ్, అందులో 640, 480. ఇక్కడ బ్రాకెట్లు రెండు జతలు ఉన్నాయి చూడండి, వెడల్పు, ఎత్తు రెండూ కలిపి ఒకే టపుల్‌గా, అంటే బ్రాకెట్లో కామాతో కలిపిన ఒకే విలువగా ఇవ్వాలి, ఒక జతే పెడితే ఎర్రర్ వస్తుంది.

ఇప్పుడు డ్రా డాట్ సర్కిల్. దీనికి నాలుగు చెప్పాలి: దేని మీద గీయాలి, ఏ రంగు, కేంద్రం ఎక్కడ, వ్యాసార్థం ఎంత. రంగంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా, కాబట్టి 255, 0, 0 అంటే అచ్చమైన ఎరుపు. కేంద్రం 50, 240 ఇస్తున్నా. లెక్కల పుస్తకంలో గ్రాఫ్ గీసిన అలవాటుతో వై పెరిగితే పైకి వెళ్తుందనుకుంటాం కదా, ఇక్కడ తలకిందులు. సున్నా, సున్నా అనేది విండోలో పైన ఎడమ మూల, వై పెరిగేకొద్దీ కిందకి దిగుతుంది. ఇంకో తిరకాసు, సర్కిల్‌కి ఇచ్చేది మధ్య బిందువు, అదే రెక్ట్‌తో చతురస్రం గీస్తే ఇచ్చేది దాని ఎడమ పై మూల. అందుకే రెండిటికీ ఒకే నంబర్లు ఇచ్చినా ఒకే చోట పడవు.

గీసినంత మాత్రాన కనపడదు కూడా, డిస్‌ప్లే డాట్ ఫ్లిప్ పిలిచాకే స్క్రీన్ మీదకొస్తుంది. ఇదంతా వైల్ లూప్‌లో పెట్టి, లోపల ఈవెంట్ డాట్ గెట్‌తో ఈవెంట్స్, అంటే కీ నొక్కడం, విండో మూయడం లాంటివి, చదువుతూ క్విట్ (విండో మూసేయమన్న ఈవెంట్) వస్తే ఆపేద్దాం. ఆ ఈవెంట్స్ చదవడం మానేస్తే విండో బిగుసుకుపోయినట్టు అయిపోతుంది, మూసేద్దామన్నా మూసుకోదు.

సరే, కదలిక. పైగేమ్‌లో గీసిన బొమ్మని జరిపే కమాండే లేదు. గీశాక అది బంతి కాదు, ఎర్ర పిక్సెల్స్ అంతే, పైగేమ్‌కి దాని సంగతే గుర్తుండదు. మనం చేయాల్సింది ఎక్స్ అనే నంబర్ పెంచి కొత్త చోట ఇంకో బంతి గీయడం. మరి పాత బంతి? దాన్ని ఎవరూ చెరపలేదు, అక్కడే ఉంది! తోక అంటే అదే, వరసగా గీసిన వందల బంతులు. కాబట్టి లూప్ తిరిగిన ప్రతిసారీ ముందు స్క్రీన్ డాట్ ఫిల్‌తో మొత్తం నల్లగా పూసేసి, తర్వాత బంతి గీసి, చివర్లో ఫ్లిప్. ఈ వరస మారకూడదు, గీశాక ఫిల్ చేస్తే బంతి మీదే రంగు పూసినట్టు, ఖాళీ స్క్రీన్ వస్తుంది. ఎక్స్ ఈక్వల్స్ 50 అనే లైన్ మాత్రం లూప్ బయటే ఉండాలి, లోపల పెడితే ప్రతిసారీ మళ్లీ మొదటికొచ్చి బంతి కదలనే కదలదు.

వేగం సంగతి. ఉత్తినే ఎక్స్‌కి 5 కలిపితే ఫాస్ట్ కంప్యూటర్‌లో బంతి దూసుకుపోతుంది, పాతదాంట్లో పాకుతుంది. అందుకే టైమ్ డాట్ క్లాక్ ఒకటి చేసుకుని, లూప్‌లో డీటీ ఈక్వల్స్ క్లాక్ డాట్ టిక్ 60, దాన్ని 1000తో భాగించండి. ఆ 60 అంటే లూప్ సెకనుకి 60 సార్లకి మించి తిరగకూడదని, డీటీ అంటే కిందటిసారి టిక్ పిలిచినప్పటి నుంచి గడిచిన సమయం. టిక్ ఇచ్చేది మిల్లీసెకన్లు కాబట్టి భాగిస్తే సెకన్లు వస్తాయి. ఇక వేగం 300 అనుకుంటే ఎక్స్ ప్లస్ ఈక్వల్స్ వేగం ఇంటూ డీటీ, అంటే సెకనుకి 300 పిక్సెల్స్, ఏ మెషీన్‌లోనైనా.

గోడకి తగిలి వెనక్కి రావాలంటే ఎక్స్ విలువ 640 మైనస్ వ్యాసార్థం దాటగానే వేగాన్ని మైనస్ చేయడమే. అయితే ఒక్కోసారి బంతి అంచుకి అతుక్కుని వణుకుతుంది. ఎందుకంటే ఒక ఫ్రేమ్‌లో (లూప్ ఒక్కసారి తిరగడంలో) గోడ దాటి కాస్త ఎక్కువ వెళ్లింది, తర్వాతి ఫ్రేమ్ కాస్త చిన్నదైతే ఇంకా గోడ లోపలే ఉంటుంది, మళ్లీ గుర్తు మారుతుంది, ఇక అదే తంతు. వేగం తిప్పేముందు ఎక్స్‌ని సరిగ్గా 640 మైనస్ వ్యాసార్థం దగ్గరే పెట్టేయండి, ఆ వణుకు పోతుంది. ఎడమ గోడ దగ్గర కూడా అంతే, అక్కడ ఎక్స్‌ని వ్యాసార్థానికి సమానం చేయాలి. రన్ చేస్తున్నా చూడండి... తోక లేదు, వణుకూ లేదు.