పెద్దకూర, ఫ్రిజ్జు, మన ముక్కు

అందరికీ వందనాలు, నమస్కారం, సలాం. ఇంత ఎండలో నడిచొచ్చినారు, ఫ్యాన్లు చూస్తే రెండే ఉండాయి, అందుకే సుత్తి లేకుండా నేరుగా విషయానికొస్తా, పెద్దకూర, అంటే గొడ్డు మాంసం, చెడిపోకుండా ఎట్లా పెట్టుకోవాలి, చెడిపోయిందని ఎట్లా కనుక్కోవాలి అని. నేను తిరుపతిలో మాంసం పరీక్షలు చేసే ల్యాబులో చానా ఏండ్లు పనిచేసినా, కానీ పుట్టి పెరిగింది ఇక్కడే చిత్తూరు పక్కన, పెద్దకూర వండే ఇంట్లోనే. ఈ మాటలు చెప్పేటప్పుడు మా ఇంటి పొయ్యి కాడ నిలబడి చెప్తా ఉన్నట్టే అనుకోండి.

మా పెద్దోడికి అప్పుడు ఆరేండ్లు. ఆదివారం తెచ్చిన కీమా ఫ్రిజ్జులో పెట్టినాం, ఆ రాత్రంతా కరెంటు లేదు, పొద్దున్నే వచ్చింది, నేను డ్యూటీకి పోయినా. మాపటేళ మా అత్త గిన్నె తీసి వాసన చూసి బాగానే ఉండాది అమ్మణ్ణీ అనింది, నేనూ ముక్కు పెట్టి చూసినా, నిజంగానే ఏ వాసనా లేదు, వండేసినాం. తెల్లారేసరికి పిల్లోడికి వాంతులు, విరోచనాలు, కండ్లు లోపలికి పోయినాయి, మూడు రోజులు సెలైన్ ఎక్కించినారు. డాక్టరు అడిగిన మొదటి మాట ఏం తిన్నాడు అని. ఆ కీమా వల్లేనని ఎవరూ పరీక్ష చేసి తేల్చలేదు, కానీ ఆ మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు తెలిసిపోయింది, ముక్కుకి ఎంత తెలుసో అంతే తెలుసు, మిగతాది తెలీదు అని.

ఎందుకంటే మాంసం మీద ఉండే క్రిములు రెండు రకాలు. ఒక రకం కూరను పాడు చేస్తాయి, జిగురు, పులుపు వాసన, కుళ్ళు వాసన తెప్పించేవి అవే, ఫ్రిజ్జు చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతా ఉంటాయి. ఇంకో రకం మనిషిని పాడు చేస్తాయి, సాల్మొనెల్లా, ఈ కోలై లాంటివి, అవి ఎంత పెరిగినా వాసన రాదు, రంగు మారదు, చూస్తే నిగనిగలాడే ముక్కలాగానే ఉంటాది. కాబట్టి వాసనొస్తే పారేయండి, అందులో అనుమానమే లేదు, కానీ వాసన రాలేదు కాబట్టి మంచిది అని మాత్రం అనుకోవద్దు, అక్కడ మనం చూడాల్సింది ఎన్ని గంటలు బయటుండాది, ఎంత చల్లగా ఉండాది అనేదే.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఇవి తెగ పెరుగుతాయి, బాగా కుదిరితే 20 నిమిషాలకొకసారి రెట్టింపు. ఒక్క క్రిమి 7 గంటల్లో 20 లక్షలు దాటిపోతాది, కావాలంటే ఇంటికి పోయి లెక్కేసుకోండి. అందుకే పచ్చి మాంసం బయట 2 గంటలకు మించి ఉండకూడదు అంటారు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. చిత్తూరులో ఏప్రిల్, మే నెలల్లో 32 అంటే పొద్దున్నే దాటేస్తాది కదా. మరి మనమేం చేస్తాం, ముందు కూర కొట్టించుకుని, ఆ కవరు పట్టుకునే కూరగాయలకి పోతాం, తర్వాత పూలు, దోవలో మేనత్త కనిపిస్తే అరగంట. కూర ఆఖర్న కొనండి, తొందరగా ఇంటికి రండి. ఇంకో మాట, తెల్లారుజామున కోసి కొక్కేనికి తగిలించింది మీరు పదకొండింటికి పోయి కొంటే, గంటలు లెక్కేసేది మీరు కొన్నప్పటి నుంచి కాదు, అది తగిలించినప్పటి నుంచి. పొద్దున్నే పోండి, ఎప్పుడు కోసినారన్నా అని అడగండి, అడిగితే ఎవరూ కోప్పడరు.

ఇంటికొచ్చినాక మనం చేసే పెద్ద తప్పు, కడిగి తడితడిగా డబ్బాలో పెట్టేది. మా అవ్వకి ఫ్రిజ్జు లేదు, కూర మిగిలితే సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండేసేది, ఆ ఎండు కండలు నెలల తరబడి ఉండేవి. ఆమె చేసింది ఏమిటి, నీళ్ళు తీసేసింది, నీళ్ళు లేకపోతే క్రిమి పెరగలేదు. మనం దానికి తలకిందులుగా నీళ్ళు పోసి లోపల పెడతా ఉండాం. కడగాలనుంటే వండే ముందు కడగండి, అదీ కొళాయి కింద ధారగా కాదు, ఆ చిమ్మిన నీళ్ళు పక్కన ఉండే కొత్తిమీర మీద, గ్లాసుల మీద పడతాయి, గిన్నెలో నెమ్మదిగా ముంచి తీయండి, తర్వాత సింకు సబ్బుతో రుద్దేయండి.

బక్రీద్‌కి ఐదు కిలోలు ఒకే కవర్లో కుక్కి ఫ్రిజ్జులో తోసేస్తారు చూడండి, అది నాకు చానా భయం. బయట చల్లగా తగులుతాది, నడిమధ్యలో మాత్రం గంటల తరబడి వెచ్చగానే ఉంటాది. అరకిలో అరకిలో చేసి, కవర్లో పలచగా చపాతీలాగా పరిచి పెట్టండి, బిరీన చల్లబడతాది. అందరికన్నా కింది అరలో, కింద ఒక పళ్ళెం పెట్టి, పెరుగు, టమాటాల మీద రసం కారకుండా. తలుపు అరల్లో వద్దు, తెరిచినప్పుడల్లా అక్కడే వేడెక్కేది.

ఫ్రిజ్జు 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండాలి. అట్లుంటే పెద్ద ముక్కలు, స్టీకులనే మందపాటి పలకలు 3 నుంచి 5 రోజులు ఉంటాయి, కీమా, కాలేయం మాత్రం 1, 2 రోజులే. కీమాకి ఎందుకు తక్కువ అంటే, గట్టి ముక్కలో క్రిములు పైపొర మీదే ఉంటాయి, మిషన్లో వేసి తిప్పినామంటే పైనది లోపలికి, లోపలిది పైకి కలిసిపోతాది. అందుకే స్టీకు లోపల కొంచెం ఎర్రగా ఉన్నా తింటారు, 63 డిగ్రీలకి కాల్చి 3 నిమిషాలు పక్కన పెట్టి, కీమా అయితే 71 డిగ్రీలు దాటాల్సిందే. ఫ్రీజర్ మైనస్ 18 ఉంటే స్టీకు 4 నుంచి 12 నెలలు, కీమా 3, 4 నెలలు రుచి పోకుండా ఉంటాయి. ఒంటి తలుపు ఫ్రిజ్జుల్లో పైన ఉండే ఐసు పెట్టెలో ముక్క రాయిలాగా గట్టిపడకుండా వేలికి దిగుతా ఉంటే దాన్ని ఫ్రీజర్ అనుకోవద్దండి.

కరెంటు పోతే తలుపు తెరవద్దు. మూసే ఉంటే ఫ్రిజ్జు 4 గంటలు కాపాడతాది, నిండా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగముంటే 24. ఊరికి పోయేటప్పుడు ఒక గ్లాసు నీళ్ళు ఫ్రీజర్లో గడ్డ కట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి పోండి, వచ్చి చూస్తే బిళ్ళ అడుగున ఉండాదంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డ కట్టిందని. అప్పుడు పారేసేదే. గడ్డ కట్టిన కూరని పొద్దున తీసి బండ మీద పెట్టి పనికి పోతారు, అది వద్దమ్మా, ముందురోజు రాత్రి కింది అరలోకి దించితే చాలు.

ఇప్పుడు రంగు సంగతి. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవును కోయకూడదు, కొట్లలో ఎక్కువగా దొరికేది ఎనుముది, దున్నపోతుది, దాని కండ మామూలుగానే ముదురు, కొవ్వు తెల్లగా ఉంటాది, నల్లగా ఉండాది పాతదేమో అని భయపడొద్దు. కండలో దానికి రంగు తెచ్చే మయోగ్లోబిన్ అని ఒకటుంటాది, గాలి తగలకపోతే ఊదా రంగు, తగిలితే ఎరుపు, ఇంకా ఆలస్యమైతే గోధుమ రంగు. బెంగళూరు నుంచి మన పిల్లోళ్ళు గాలి తీసేసిన ప్యాకెట్లో స్టీకు తెస్తే ఊదాగా ఉంటాది, తెరవంగానే కొంచెం పుల్ల వాసనొస్తాది, పావుగంట పళ్ళెంలో పెట్టి చూడండి, వాసన పోయి ఎర్రబడితే మంచిదే, పోకపోతే వద్దు. కింద కారే ఎర్ర నీళ్ళు నెత్తురు కాదు, కండలోని నీళ్ళే.

మరి చెడిపోయిన కూర వాసన పసుపు, నిమ్మకాయతో కడిగితే పోదా, కుక్కర్లో పది విజిల్లు పెడితే క్రిములు చావవా అని నన్ను ప్రతి ఊర్లో అడుగుతారు. క్రిములు చస్తాయి, కానీ కొన్ని ముందే వదిలిపెట్టిన విషం ఉడికినా చావదు. రెండొందలు పోయినా పర్వాలేదు, పారేయండి, పిల్లోడి పక్కన సెలైన్ బాటిల్ చూస్తా కూర్చునే దాని కన్నా అదే మేలు.

ఈ బల్ల మీద ఐసు పెట్టెలో మూడు పళ్ళేలు తెచ్చినా. మొదటిది పొద్దున కోసింది, వేలితో నొక్కితే లేచొస్తాది. రెండోది రెండు రోజులు చల్లగా పెట్టింది, గోధుమ రంగుకి తిరిగింది, కానీ వేలికి జిగురు లేదు, వాసన లేదు, అది వండుకోవచ్చు. మూడోది మూత తీయకముందే మీకు తెలుస్తాది, దాని మీద వేలు పెట్టి తీస్తే బెండకాయ జిగురులాగా సాగుతాది, అంచున పచ్చదనం కూడా ఉండాది. ఒకరి తర్వాత ఒకరు రండి, తొడుగులు వేసుకుని నొక్కి చూడండి, పోయేటప్పుడు ఆ కొళాయి కాడ సబ్బు పెట్టినాం, చేతులు కడుక్కోండి.