విల్మింగ్టన్ నది ఒడ్డున స్టేడియం: అప్పు ఎవరి నెత్తిన?

యాంకర్: నమస్కారం. నార్త్ కరోలైనాలో మన తెలుగువాళ్లకి విల్మింగ్టన్ అనగానే బీచే గుర్తొస్తుంది. ర్యాలీలో ఐ-40 ఎక్కితే రెండు గంటల్లో సముద్రం. ఆ ఊళ్లో మైనర్ లీగ్ బేస్‌బాల్, అంటే మేజర్ లీగ్‌కి కింది స్థాయి ప్రొఫెషనల్ ఆట, దాని స్టేడియం కోసం 3 కోట్ల 70 లక్షల డాలర్ల బాండ్లు తేవాలా వద్దా అని 2012 నవంబర్‌లో ఓటింగ్ పెట్టారు. 70 శాతం దాకా వద్దన్నారు. కోచ్ గారూ, అది పొరపాటు నిర్ణయమని ఇప్పటికీ అంటారా?

కోచ్: అంటానండీ. జట్టు పెడతామని వచ్చినవాళ్లు చిన్నాచితకా వాళ్లు కాదు. ఒకటి మేజర్ లీగ్ జట్టు అట్లాంటా బ్రేవ్స్, ఇంకోటి మైనర్ లీగ్ జట్లని నడిపే కంపెనీ మాండలే బేస్‌బాల్. స్థలం చూస్తే కేప్ ఫియర్ నది ఒడ్డు. పైగా బాస్కెట్‌బాల్ స్టార్ మైకేల్ జోర్డన్ పెరిగిన ఊరు. 1994లో ఆయన బర్మింగ్‌హామ్ బారన్స్‌కి ఆడింది కూడా మైనర్ లీగ్ బేస్‌బాలే కదా!

యాంకర్: అక్కడ షార్క్స్ అనే బేస్‌బాల్ జట్టు ఉందిగా?

కోచ్: ఉంది. కానీ వాళ్లు కాలేజీ కుర్రాళ్లు, వేసవి అయిపోతే వెళ్లిపోతారు. నేను పిల్లలకి బేస్‌బాల్ నేర్పిస్తాను. మైనర్ లీగ్ ఆటకి తీసుకెళ్తే ముందుగా వెళ్లి కంచె పట్టుకుని నిలబడతారు. నాలుగడుగుల దూరంలో పిచ్చర్, అదే బంతి విసిరేవాడు, చేతులు తిప్పుకుంటుంటాడు. బంతి వచ్చి క్యాచర్ గ్లోవ్‌లో పడినప్పుడు ఆ చప్పుడు గుండెకి తగులుతుందండీ. టీవీలో ఎంత చూసినా అది రాదు.

అకౌంటెంట్: ఆట మీద నాకూ పేచీ లేదు సార్. నా పేచీ అంతా కాగితం మీద. జనరల్ ఆబ్లిగేషన్ బాండ్ అంటే ఊరు తన పన్నులన్నీ హామీ పెట్టి తెచ్చే అప్పు. జనం ఆటకి రాకపోయినా వాయిదా ఆగదు, ఇంటి పన్నులోంచి కట్టాల్సిందే. అప్పట్లో ఊరి జనాభా లక్షా ఆరు వేలు. వడ్డీ కాకుండానే తలకి దాదాపు 350 డాలర్లు. ఆ రోజుల్లో ఆ లీగ్‌లో సీజన్‌కి సొంత ఊళ్లో 70 ఆటలు. మిగతా దాదాపు 300 రోజులు ఆ స్థలం ఏం చేస్తుంది?

కోచ్: హోటళ్లు, షాపులు నడుస్తాయిగా.

అకౌంటెంట్: ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా లెక్కలు తీస్తున్నారు. సినిమాకో డిన్నర్‌కో పెట్టే డబ్బే స్టేడియానికి మళ్లుతుందని, ఊరికి కొత్తగా చేరేది బాగా తక్కువని చాలామంది తేల్చారు.

యాంకర్: మేడం, మీరు అక్కడే ఉంటున్నారు.

విల్మింగ్టన్ నివాసి: మా ఊరికి జట్లు రాకపోవడం కాదండీ, వచ్చి నిలవకపోవడం. రూస్టర్స్ 1995, 96లో ఆడి వెళ్లారు. వేవ్స్ 2001లో వచ్చి ఒక్క సీజన్‌తో సర్దుకున్నారు. రెండు జట్లూ యూనివర్సిటీ గ్రౌండ్‌లోనే ఆడాయి.

కోచ్: అదే నేననేది! సొంత స్టేడియం లేదు కాబట్టే పోయారు.

నివాసి: మన నార్త్ కరోలైనాలోనే కిన్‌స్టన్ అనే ఊరికి ఉంది కదా సార్? గ్రేంజర్ స్టేడియం ఎప్పట్నుంచో ఉంది. 2011 తర్వాత ఒక జట్టు పోయింది. 2017లో వుడ్ డక్స్ అనే జట్టు వచ్చింది. 2024 సీజన్ అవ్వగానే వాళ్లూ సౌత్ కరోలైనాలో స్పార్టన్‌బర్గ్‌కి, కొత్త స్టేడియానికి వెళ్లిపోయారు.

అకౌంటెంట్: 2021లో మేజర్ లీగ్ వాళ్లు తమకి అనుబంధంగా ఉండే మైనర్ లీగ్ జట్లని 160 నుంచి 120కి తగ్గించారు. స్టేడియాలకి కొత్త ప్రమాణాలు పెట్టారు. లైట్లు, డ్రెస్సింగ్ రూములు, బ్యాటింగ్ ప్రాక్టీసుకి పొడవాటి గదులు, ఏది తక్కువైనా మార్చాలి. చాలాచోట్ల ఖర్చు స్టేడియం సొంతదారైన ఊరిదే. అంటే బాండు తీరకముందే ఇంకో అప్పు.

కోచ్: అసలు పన్ను కట్టడమే ఇష్టం లేదని చెప్పొచ్చుగా?

నివాసి: కాదండీ, ఈ మాట మాత్రం ఒప్పుకోను. 2016లో పార్కుల కోసం సుమారు 3 కోట్ల డాలర్ల బాండ్లకి మా ఊరివాళ్లే అవునన్నారు. ఊరికి ఉత్తరాన, అదే నది ఒడ్డున 2021లో పార్కు, ఆరుబయట కచేరీల వేదిక వచ్చాయి. కచేరీ లేని రోజున మేం టిక్కెట్టు కొనకుండా వెళ్లి నది పక్కన నడుస్తాం. జట్టు యజమాని మారితే ఖాళీ అయ్యేది కాదు అది.

అకౌంటెంట్: జట్టు వెళ్లిపోతే మిగిలిన అప్పు జట్టే తీర్చాలని లీజులో రాయించండి. నేనూ అవుననే అంటాను.

కోచ్: ఆ షరతుకి ఏ యజమానీ సంతకం పెట్టడు సార్.

అకౌంటెంట్: మరి ఊరెందుకు పెట్టాలి?

కోచ్: మొత్తానికి పెట్టడు అన్నాను. సగానికైనా పెట్టించొచ్చు. 2012లో బేరం అక్కడ మొదలై ఉంటే నేను ఇంటింటికీ తిరిగి ఓటడిగేవాణ్ని.