ఆరు గంటల లెక్క

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను. ఆగస్టు 6 కాబట్టి హిరోషిమా గురించి మాట్లాడమన్నారు. 1945లో ఆ ఊరి మీద వేసిన బాంబులో 64 కిలోల యురేనియం ఉంది. చీలింది కిలోకు లోపే. పలాస జీడిపప్పు కిలో పొట్లం చేతిలో పట్టుకుని ఆలోచించండి. ఆ ఏడాది ముగిసేసరికి దాదాపు 1,40,000 మంది చనిపోయారు. ఆ తరవాత పెద్ద దేశాలు ఒకరినొకరు బెదిరించుకోవడానికే బాంబులు పేర్చుకున్నాయి. పోఖ్రాన్‌లో 1974లో, 1998లో మనమూ పేల్చి చూపించాం. దీని మీద మూడు పేజీలు రాసుకొచ్చాను. మడిచి జేబులో పెడుతున్నాను. మా అమ్మ సంగతి చెప్పాలి.

మాది ఉద్దానం. అమ్మకు కిడ్నీ జబ్బు. మా వైపు అది వింత కాదని మీకు తెలుసు. విశాఖలో స్కాన్ తీశారు. నరంలోకి టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు ఎక్కించి, కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో కెమెరాతో చూస్తారు. ఆ మందుకు మూలం కూడా రియాక్టరులో యురేనియం చీలికే. "ఇవాళ పసిపిల్లలను ఎత్తుకోకమ్మా" అన్నారు. ఎందుకో చెప్పలేదు.

మా పాపకు అప్పుడు రెండేళ్లు. అమ్మ నలభై రోజులు దాన్ని ముట్టుకోలేదు. కంచం, గ్లాసు వేరు పెట్టుకుంది. పాప ఏడుస్తూ దగ్గరికి వస్తే లేచి కొబ్బరితోటలోకి వెళ్లిపోయేది. అలిగిందేమో అనుకున్నాను. చివరికి అడిగితే, "నాలో బాంబు మందు ఉందిరా, పిల్లకు అంటుతుంది" అంది.

అయ్యా, టెక్నీషియం ఆరు గంటలకోసారి సగమవుతుంది. మర్నాటికి పదహారో వంతు. రెండున్నర రోజులకు వెయ్యో వంతు. ఇంటర్ పిల్లల చేత ఇరవై ఏళ్లు బోర్డు మీద ఈ లెక్క చేయించినవాణ్ణి నేను! ఇంట్లో చెప్పలేదు. అడగలేదు కదా అని.

అణు విద్యుత్ కేంద్రం కడతామంటున్న కొవ్వాడ నుంచి వచ్చినవారు వెనక కూర్చున్నారు. ఆరు రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు అని మీ ముందు చదివి ఉంటారు. వాడేసిన ఇంధనంలోని ప్లుటోనియం సగం కావడానికి 24,000 ఏళ్లని చెప్పారా? వేడినీళ్లు సముద్రంలో కలిస్తే చేపలు ఎటు పోతాయో చెప్పారా? నేను కరెంటు వద్దనడానికి రాలేదు. స్కానూ కావాలి. మీరు అడిగేదాకా ఆగకుండా చెప్పమంటున్నాను.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం.

లెక్క చెప్పిన రోజు అమ్మ వేళ్ల మీద ఆరు, పన్నెండు, పద్ధెనిమిది అని ఎంచుకుంది. "అయితే మర్నాడే ఎత్తుకోవచ్చునన్నమాట" అంటూ చేతులు చాచింది. పాప నా వెనక దాక్కుంది.